చెయ్యి మారిన రోజు

శాలేమురాజు మాస్టారు పోయిన వారానికి లిడియాకు నడుం పట్టేసింది. రైలు వేమూరులో ఆగినప్పుడు, ఎక్కినావిడకు చోటిద్దామని కాస్త జరగబోయింది. అంతే, నడుములో మేకు దిగినట్టయింది. తెనాలి వచ్చేదాకా కదల్లేకపోయింది. దిగేటప్పుడు ఆ ఎక్కినావిడే చెయ్యి పట్టుకుని దింపింది.

"ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు, మీకే ఇట్టయితే ఎట్టాగండీ?" అని నవ్విందావిడ. లిడియాకు తిరిగి నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

పొద్దున్నే రేపల్లెలో బయల్దేరే ఆ పాసింజరులో ఆమె ఏళ్ళ తరబడి తిరుగుతోంది. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అందులో డయాలసిస్ వార్డు, ఆ వార్డులో నర్సు ఉద్యోగం. కిడ్నీలు పాడైనవాళ్ళు వారానికి మూడుసార్లు అక్కడికి వచ్చి, మిషను పక్కన పూటంతా పడుకుని, ఒంట్లో చేరిన నీళ్ళూ చెడూ తీయించుకుని వెళతారు. వేరే వార్డుల్లో మనిషి నయమై ఇంటికి పోతాడు, లేకపోతే లేదు. ఇక్కడ నయమవడమనే మాట లేదు. అదే మంచం, అదే మనిషి, అదే చెయ్యి. వాళ్ళు ఇంట్లో పెళ్ళికి కార్డిస్తారు, మనవరాలి ఫోటో చూపిస్తారు, మామిడికాయ తినేశానని దొంగతనంగా చెప్పి తిట్లు తింటారు. ఆ తర్వాత ఒక సోమవారం నాడు ఆ మంచం ఖాళీగా ఉంటుంది.

శాలేమురాజు మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మిషను తిరుగుతున్నంతసేపూ సన్నగా కీర్తనలు పాడుకునేవాడు. గొంతు అంత బాగుండేది కాదు. అయినా పక్క మంచాలవాళ్ళు టీవీ తగ్గించి వినేవాళ్ళు. ఆయన పోయాడని తెలిసిన పొద్దున లిడియా ఏడవలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అయితే ఎవరు పోయినా రెండేసి రోజులు అన్నం ముట్టేది కాదు. భర్త రాజ్ కుమార్ పళ్ళెం పట్టుకుని వెనకాల తిరగాల్సి వచ్చేది. ఈసారి దుప్పటి మార్చింది, తర్వాతి మనిషిని పడుకోబెట్టింది, సూది పెట్టింది, బీపీ చూసింది. పని ఆగలేదు. పని చేస్తుండగానే ఒళ్ళు తడిసిన గోనెసంచిలా బరువెక్కింది. ఆ బరువు నిద్రపోయినా దిగలేదు, ఆదివారం చర్చికి వెళ్ళొచ్చినా దిగలేదు. వారం గడిచేసరికి నడుములో చేరింది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముకలు బాగానే ఉన్నాయి సిస్టర్. యోగా చెయ్యండి. మా ఆవిడ వెళుతుంది, సాయంత్రం క్లాసు కూడా ఉంది" అన్నాడు.

డ్యూటీ దిగడానికీ సాయంత్రం రేపల్లె బండికీ మధ్య మిగిలే ఖాళీలో ఆ క్లాసు సరిగ్గా కుదిరింది. ఒక ఇంటి మేడమీద, రేకుల షెడ్డులో, చాపలు పరిచి చెప్పేది సాయిసుధ. యాభై దాటిన మనిషి, వెదురుబద్దలా ఉంటుంది. ఊపిరి గురించి చెబుతూ చెబుతూ పిట్టగోడ మీంచి వంగి "ఆ బండ వంటింట్లో పెట్టు బాబూ" అని గ్యాసు అబ్బాయికి కేకవేసి, మళ్ళీ వచ్చి "ఆ... వదలండి, నెమ్మదిగా" అనేది. వచ్చేవాళ్ళంతా మోకాళ్ళ నొప్పుల ఇల్లాళ్ళు. లిడియా గోడ పక్కన చాప వేసుకునేది.

నడుం కొద్దికొద్దిగా సర్దుకుంది. కానీ లిడియా మనసులో నాటుకున్నది ఆసనాలు కాదు. చివర్లో అందరూ వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నప్పుడు సాయిసుధ చెప్పే మాటలు.

"అరచేతులు పైకి తెరిచి పెట్టండి. ఏదీ మనది కాదు. వచ్చేది వస్తుంది, పోయేది పోతుంది. అంటుకోకుండా ఉండటం నేర్చుకోండి. అదే వైరాగ్యం, అదే శాంతి."

లిడియాకు అది మందుచీటీలా వినిపించింది. ఇన్నాళ్ళూ తను చేసిన తప్పు ఇదేనన్నమాట, మనుషులకు అంటుకోవడం.

ఇంట్లో తల్లి సుందరమ్మకు ఈ యోగా సంగతి మొదట్లో నచ్చలేదు. రేపల్లె లూథరన్ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్న మనిషి.

"ఆ ఓంకారం అంటున్నావా?" అని అడిగింది, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"వాళ్ళు అనేటప్పుడు నేను ఊరుకుంటానమ్మా."

"ఊరుకుని ఏం చేస్తావు?"

"ఊపిరి పీలుస్తా."

సుందరమ్మ ఇంకో చిక్కుడుకాయ తుంచింది. "ఊపిరి దేవుడు ఇచ్చిందేలే" అంది. తర్వాత వైరాగ్యం గురించి కూతురు చెప్పిందంతా విని, "ప్రభువు చేతిలో పెడుతున్నాం అంటాం కదా మనం, అదేగా ఇది. కాకపోతే నువ్వు పెట్టవు. పెట్టినట్టే పెట్టి, ఆమెన్ అనగానే మళ్ళీ చంకనెత్తుకుంటావు" అంది.

ఈసారి ఎత్తుకోకూడదనుకుంది లిడియా.

మర్నాటి నుంచి వార్డులో మంచాల అంచుల మీద కూర్చోవడం మానేసింది. సూది పెట్టి, మిషను చూసి, వెంటనే పక్క మంచానికి వెళ్ళిపోయేది. ఫోటోలు చూపిస్తే "బాగుందండి" అని కదిలిపోయేది. ఇది తేలికే అనిపించింది మొదట. దుర్గాంబ దగ్గర మాత్రం కష్టమైంది.

దుర్గాంబది కిటికీ పక్క మంచం. పిట్టలవానిపాలెంలో పొలాలున్న ఇల్లు. భర్త లేడు. సేద్యం కొడుకు హర్ష చూసుకుంటాడు. ఆమెకు డయాలసిస్ కోసం ఎడమ చేతికి ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలు కలిపారు. వేలు పెడితే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జివ్వుమంటుంది. అక్కడే సూదులు పెట్టాలి. అందరికీ ఆ నరం తాడులా పైకి కనిపిస్తుంది. దుర్గాంబది లోతుగా ఉండి, మోచేతి దగ్గర పక్కకు మళ్ళుతుంది. మొదట్లో ఎవరు గుచ్చినా తప్పేది. చెయ్యి నల్లబడి వాచేది. లిడియా గుచ్చిన రోజు దుర్గాంబ అరవడానికి నోరు తెరిచి, అరిచే పని లేక మూసింది.

"నీ చేతిలో ఏం ఉందే అమ్మాయ్?" అంది.

అప్పటినుంచి లిడియా తప్ప ఎవరు వచ్చినా ఆమె చెయ్యి ఇవ్వదు. లిడియా సెలవు పెడితే ముందే చెప్పాలి. తను తినకూడని గోంగూర, తోటకూర, మునక్కాయలు అన్నీ సంచిలో వేసుకొచ్చి లిడియాకు ఇచ్చేది. "నువ్వు తింటే నేను తిన్నట్టేలే" అనేది. బాపట్లలో కూడా డయాలసిస్ సెంటరు తెరిచి చాలా కాలమైంది. అయినా ఆమె పిట్టలవానిపాలెంలో ఆటో ఎక్కి, కర్లపాలెం మీదుగా బాపట్ల వచ్చి, అక్కడ ఆగిపోకుండా రైలెక్కి తెనాలి దాకా వచ్చేది. "నీ చెయ్యి అలవాటైంది" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా లిడియాకు లోపల ఎక్కడో వెచ్చగా ఉండేది.

అలాంటి మనిషి గోంగూర కట్ట చాపితే, "ఎందుకండీ, ఇంట్లో ఉంది" అంది లిడియా.

దుర్గాంబ చాపిన చెయ్యి అలాగే ఉంచింది. "ఏంటే, కోపమొచ్చిందా నా మీద?"

"కోపమెందుకండీ. పని ఎక్కువైంది."

"అండీ ఏంటి కొత్తగా? నిన్నమొన్నటి దాకా పెద్దమ్మా అన్నావు."

లిడియా మిషను మీద అంకెలు చూసింది. దుర్గాంబ కట్టను మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఆ పూటంతా కిటికీ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం రేకుల షెడ్డులో అరచేతులు తెరిచి పడుకున్నప్పుడు లిడియాకు శాంతి రాలేదు. దవడలు నొప్పి పుట్టాయి. పొద్దుటినుంచీ పళ్ళు బిగించే ఉందని అప్పుడు తెలిసింది.

అలా కొన్నాళ్ళు నడిచింది. ఒకరోజు సాయిసుధ ఊళ్ళో లేక క్లాసు లేకపోయింది. లిడియా తొందరగా స్టేషనుకు వెళ్ళింది. ప్లాట్‌ఫారం మీద నలుగురు గుమిగూడి ఉన్నారు. మధ్యలో కింద దుర్గాంబ పడుకుని ఉంది. తల హర్ష ఒళ్ళో ఉంది.

నీళ్ళు ఎక్కువ తీసిన రోజు బీపీ పడిపోతుంది. బ్రిడ్జి మెట్లెక్కి దిగేసరికి కళ్ళు తిరిగాయట. లిడియా జనాన్ని తప్పించి, ఆమె కాళ్ళు ఎత్తి సంచి మీద పెట్టి, నాడి చూసి, కొంగు తడిపి ముఖం తుడిచింది. కాసేపటికి దుర్గాంబ కళ్ళు తెరిచింది. లిడియాను చూసింది.

"వచ్చావా" అని మళ్ళీ మూసుకుంది.

బాపట్ల బండి వచ్చే లోపు హర్ష పక్కకు పిలిచాడు. పొలం పనుల్లో నల్లబడ్డ ముఖం, నిద్ర లేని కళ్ళు. "జబ్బు సంగతి పక్కన పెట్టక్కా. ఈ దారే చంపుతోంది అమ్మని. తెల్లారుజామున లేపాలి, ఆటో ఎక్కించాలి, రైలెక్కించాలి, మళ్ళీ ఇదంతా తిరుగు. ఇంటికెళ్ళాక ముద్ద దిగదు. మర్నాడంతా పడుకునే ఉంటది. లేచి కూర్చునే సరికి మళ్ళీ వచ్చే రోజు." అతను గొంతు తగ్గించాడు. "బాపట్లలో ఖాళీ ఉందంట. కనుక్కొచ్చా. అమ్మ వినట్లేదు. ఇంకో చెయ్యి పడదంటది. మీరు చెబితే వింటది."

"చెబుతాలే హర్షా."

చెప్పలేదు.

తర్వాతిసారి దుర్గాంబ నీరసంగా ఉంది, ఇప్పుడెందుకులే అనుకుంది. ఆ తర్వాత జ్వరం, తగ్గాక చెబుదామనుకుంది. ఆ తర్వాత, బాపట్లలో ఎలాంటివాళ్ళున్నారో, ఆ చెయ్యిని పాడుచేస్తే మళ్ళీ ఆపరేషన్ అంటారేమో అనుకుంది. అన్నీ నిజమైన కారణాలే. అందుకే వాటి వెనక నిలబడటం తేలికైంది. హర్ష వార్డు తలుపు దగ్గర నిలబడి ఆమె వైపు చూసేవాడు. లిడియా చూపు తప్పించేది.

ఒక సాయంత్రం క్లాసు చివర కళ్ళు మూసుకుని పడుకున్నప్పుడు ఆమెకు దుర్గాంబ చెయ్యి కనిపించింది. ఆ చేతి మీద ఇంకెవరివో వేళ్ళు. సూది సులువుగా దిగింది. దుర్గాంబ ముఖం చిట్లించలేదు. "నీ చెయ్యి బాగుంది" అంది, వాళ్ళతో.

లిడియా గుండెలో ఏదో చివుక్కుమంది. దుర్గాంబ పోతుందన్న భయం కాదది, దాని రుచి ఆమెకు తెలుసు. పోకుండా, హాయిగా, తను లేకుండా ఇంకో చేతి కింద బతికేస్తుందన్న బాధ. కళ్ళు తెరిచి రేకుల వంక చూస్తూ పడుకుంది. సిగ్గేసింది. ఆ మనిషి ప్లాట్‌ఫారం మీద పడిపోయింది, తను మాత్రం ఆమె చెయ్యిని వదల్లేదు. గోంగూర వద్దంది, పెద్దమ్మా అనడం మానేసింది, వైరాగ్యం అనుకుంది. అసలు పట్టుకున్నది మాత్రం పిడికిట్లోనే ఉంది.

అందరూ వెళ్ళాక చాపలు చుడుతున్న సాయిసుధ దగ్గరకు వెళ్ళింది.

"మేడమ్, మీరు అంటుకోవద్దంటారు కదండీ. నేను మనుషుల్ని పట్టించుకోవడం మానేశానండి. ప్రశాంతంగా ఉంటుందేమోనని."

"ఉందా?"

"లేదండి. ఇంకా బరువైంది."

సాయిసుధ చాప చుట్టడం ఆపి, పిట్టగోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కూడా ఆ రోజు అలసిపోయినట్టే ఉంది. "నేనే సరిగ్గా చెప్పుండను" అంది. "మనిషిని వదలమని కాదమ్మా. పట్టు వదలమని. బిడ్డని ఎత్తుకుంటాం, కింద పడకుండా పట్టుకుంటాం. నడుస్తానంటే దింపాలి. దింపాక కూడా చూస్తూనే ఉంటాం కదా." చాప దుమ్ము దులుపుతూ, "చెప్పడం తేలిక. ఇన్నేళ్ళుగా చెబుతున్నానా, మా ఆయన గొంతు పెంచితే నా వైరాగ్యం మేడ మెట్లు దిగి పారిపోతుంది. అందుకే రోజూ చెయ్యాలి. ఒక్కసారి చేసి పెట్టెలో దాచుకునేది కాదు" అంది.

లిడియా మిగిలిన చాపలు చుట్టింది.

మర్నాడు దుర్గాంబకు సూదులు పెట్టాక, మంచం అంచున కూర్చుంది. చాలా రోజుల తర్వాత కూర్చోవడంతో దుర్గాంబ ఆమె ముఖంలోకి చూసింది.

"పెద్దమ్మా, నువ్వు బాపట్లకు మారాలి."

"వాడు చెప్పమన్నాడా?"

"హర్ష చెప్పమని చాలా రోజులైంది. నేనే చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"నిన్ను పంపడం ఇష్టం లేక."

"మరి ఇప్పుడు ఇష్టమైందా? వదిలించుకుంటున్నావు. నాకు తెలుసులే. ఈ మధ్య చూస్తూనే ఉన్నా. ముసలిదాని గోల ఎందుకనుకున్నావు."

"కాదు పెద్దమ్మా. ఇప్పుడూ ఇష్టం లేదు."

దుర్గాంబ అటు తిరిగి పడుకుంది. వెళ్ళేటప్పుడు కూడా పలకరించలేదు. కానీ తర్వాతిసారి వచ్చినప్పుడు, చెయ్యి చాపుతూ, "మొదటి రోజు నువ్వు రావాలి. రాకపోతే నేను ఆ మంచమెక్కను" అంది.

లిడియా సెలవు పెట్టి వెళ్ళింది. రేపల్లె నుంచి తెనాలి, తెనాలిలో బండి మారి అప్పికట్ల మీదుగా బాపట్ల. దుర్గాంబ వచ్చే రైలు దారంతా ఒకసారి తను ఎదురు దిశలో వెళితే, దిగేటప్పటికి కాళ్ళు లాగేశాయి. జబ్బు లేని తనకే ఇలా ఉంటే, అనుకుంది.

సెంటరు చిన్నదే, శుభ్రంగా ఉంది. అక్కడ టెక్నీషియన్ పేరు అభిషేక్. ముప్ఫై ఉంటాయేమో, కళ్ళద్దాలు, మితభాషి. లిడియా దుర్గాంబ చెయ్యి చూపించి, నరం ఎక్కడ మళ్ళుతుందో వేలితో గీసి చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. తలాడించాడు. మొదటి సూది తప్పింది.

రక్తం లోపల చిమ్మి చర్మం కింద కోడిగుడ్డంత ఉబ్బింది. దుర్గాంబ కెవ్వుమంది. హర్ష గోడ వైపు తిరిగాడు. అభిషేక్ సూది తీసి, దూది పెట్టి నొక్కాడు. అతని నుదుటి మీద చెమట పట్టింది. చాలాసేపు నొక్కి, వాపు నిలిచాక లిడియా వైపు చూశాడు.

"మేడమ్, మీరు పెడతారా?"

"పెట్టవే" అంది దుర్గాంబ ఏడుపు గొంతుతో. "ఎందుకు చూస్తున్నావు?"

లిడియా చెయ్యి అప్పటికే కదిలింది. ఆమె ప్రమేయం లేకుండానే వేళ్ళు దగ్గరకు చేరి, సూది పట్టుకునే తీరులోకి వచ్చాయి. అంత సులువైన పని ఇంకోటి లేదు. ఒక్క క్షణంలో అయిపోతుంది. దుర్గాంబ నవ్వుతుంది. ఎల్లుండి మళ్ళీ తెనాలి బండెక్కుతుంది.

లిడియా ఆ చేత్తో మంచం కమ్మీ పట్టుకుంది.

"ఎల్లుండి నేను ఉండను పెద్దమ్మా" అంది. తర్వాత అభిషేక్‌తో, "తొందరేం లేదు తమ్ముడూ. సూది పక్కన పెట్టి ముందు వేలితో చూడు. వాచిన చోటు వదిలెయ్, కాస్త పైకి రా. జివ్వుమంటోందా? అక్కడ కాదు, ఇంకొంచెం పక్కకి. ఆ, అక్కడ లోపలికి వెళుతుంది. కళ్ళు మూసుకో కావాలంటే, నేనూ మూసుకునేదాన్ని" అంది.

అభిషేక్ కళ్ళు మూసుకున్నాడు. వేలు చాలాసేపు ఒకేచోట ఉంచాడు. సూది పెట్టాడు. గొట్టంలోకి ఎర్రగా రక్తం వచ్చింది. దుర్గాంబ ఊపిరి బిగబట్టి ఉందని, వదిలినప్పుడు అందరికీ తెలిసింది. రెండోది కూడా దిగింది.

కాసేపటికి దుర్గాంబ అతన్ని అడిగింది. "ఏ ఊరు నాయనా మీది?"

"వడ్లమూడి అండి."

"పెళ్ళయిందా?"

"లేదండి."

"ఎందుకవలేదు?"

లిడియా బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. సంతోషమేం కలగలేదు. ఒంట్లోంచి ఏదో పీకేసిన చోట గాలి తగులుతున్నట్టు ఉంది. హర్ష టీ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాడు. తిరుగు బండిలో ఆమె నిద్రపోయింది. రేపల్లె బండిలో కూడా నిద్రపోయింది. ఇంటికొస్తే సుందరమ్మ ముఖం చూసి ఏమీ అడగకుండా అన్నం పెట్టింది.

మొదట్లో దుర్గాంబ వెళ్ళొచ్చిన ప్రతిరోజూ ఫోన్ చేసేది. వాడి చెయ్యి మొరటుగా ఉందని, ఏసీ చలి అని. తర్వాత వారానికోసారి. ఆ అబ్బాయికి కర్లపాలెంలో ఒక సంబంధం ఉందని, పిల్ల మంచిదని. మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేస్తున్నానని, వంటింట్లో నిలబడి చారు పెట్టానని ఒకసారి చెప్పింది. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ఫోన్ రాని రోజుల్లో లిడియాకు కొంచెం బాధగా ఉండేది. ఆ బాధను ఆమె తరమలేదు. పక్కన కూర్చోనిచ్చింది, రైల్లో పక్క సీటు మనిషిని కూర్చోనిచ్చినట్టు. కొన్ని స్టేషన్ల తర్వాత అదే దిగిపోయేది.

వార్డులో మళ్ళీ మంచాల అంచున కూర్చుంటోంది. తెచ్చినవి తీసుకుంటోంది, తిట్టేవి తిడుతోంది. డ్యూటీ దిగి, మేడ మీద కాసేపు పడుకుని అరచేతులు తెరిచినప్పుడు, ఆ రోజు మనుషుల్ని ఒక్కొక్కళ్ళనే తలుచుకుని అక్కడ వదిలేది. అన్ని రోజులూ కుదరలేదు. కుదరని రోజు మోసుకుని రేపల్లె వెళ్ళి, తల్లి పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. అలసట పోలేదు. ఆ ఉద్యోగంలో అది పోదు. కానీ నిద్రపోయి లేస్తే తగ్గే అలసటగా మారింది.

మినుము పీకుతున్న రోజుల్లో, పొద్దుటి బండి భట్టిప్రోలు దాటుతుండగా హర్ష ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ పోయింది. తెల్లారి లేపబోతే లేవలేదు. రాత్రి బానే తినింది అక్కా. బానే మాట్లాడింది."

లిడియా కిటికీ కమ్మీకి తల ఆనించి ఏడ్చింది. ఎదుటి సీట్లోవాళ్ళు చూస్తున్నారని తెలిసినా ఆపుకోలేదు. గోంగూర కట్ట వద్దన్న రోజు గుర్తొచ్చి ఎక్కువ ఏడ్చింది. చాలా ఏళ్ళ తర్వాత అలా వెక్కి వెక్కి ఏడవడం. వేమూరు వచ్చేసరికి ఏడుపు దానంతటదే అయిపోయింది. ముఖం తుడుచుకుంది. బయట చేలల్లో కూలీలు మోపులు కడుతున్నారు. తెనాలిలో దిగి డ్యూటీకి వెళ్ళింది. కిటికీ పక్క మంచం మీద ఇప్పుడు వేరే మనిషి ఉంటున్నాడు. అతనికి సూది పెట్టి, "నొప్పిగా ఉందా బాబాయ్" అని అడిగింది.

పెద్దకర్మ నాడు పిట్టలవానిపాలెం వెళ్ళింది. ఇంటి ముందు షామియానా కింద భోజనాలు పెట్టారు. హర్ష ఎదురొచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఈ చివరి రోజులు ఇంట్లో ఉంది అక్కా. దారిలో పోలేదు" అన్నాడు. వడ్డన చూడటానికి లోపలికి వెళ్ళాడు.

బల్ల చివర ఒక్కడే కూర్చుని ఉన్నాడు అభిషేక్. ముందున్న అరిటాకు ఖాళీగా ఉంది. వడ్డించేవాళ్ళు వస్తే చెయ్యి అడ్డం పెడుతున్నాడు. లిడియా వెళ్ళి పక్కన కూర్చుంది. అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"నా దగ్గర పోయిన మొదటి మనిషి మేడమ్" అన్నాడు. "ముందురోజు కూడా వచ్చారు. సంబంధం ఏం చేశావని తిట్టారు. మీరు ఇన్నేళ్ళు ఎట్లా తట్టుకున్నారు?"

లిడియాకు సాయిసుధ మాటలు గుర్తొచ్చాయి, అమ్మ మాటలు గుర్తొచ్చాయి. అవి ఇప్పుడు ఇతనికి చెప్పాలనిపించలేదు.

"ఎప్పుడూ సరిగ్గా తట్టుకోలేదు తమ్ముడూ" అంది. "ఏడుపొస్తే ఏడువు. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు."

అతను తల వంచుకుని ఏడ్చాడు. లిడియా వీపు మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది. షామియానా అంచు గాలికి కొట్టుకుంటోంది.

"రేపు డ్యూటీ ఉందా?" అని అడిగింది కొంతసేపయ్యాక.

"ఉంది మేడమ్. పొద్దున్నే."

"అయితే తిను."

పప్పు గిన్నెతో వచ్చినాయన వాళ్ళ ముందు ఆగి, వెయ్యాలా వద్దా అన్నట్టు చూశాడు. అభిషేక్ ముక్కు తుడుచుకుని ఆకు దగ్గరకు లాక్కున్నాడు.

"ఇద్దరికీ వెయ్యండి" అంది లిడియా.